కండ పెరగాలి, కొవ్వు కాదు

పదో తరగతి, ఇంటర్ దాటిన మగపిల్లల్లో ఈ రోజుల్లో రెండు కోరికలు కనిపిస్తున్నాయి. ఒకటి ఉద్యోగం, రెండోది గట్టి ఒళ్ళు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు తయారయ్యే కుర్రవాడికి ఈ రెండూ ఒకటే. 1600 మీటర్ల పరుగు గట్టెక్కాలంటే కాళ్ళలో బలం ఉండాలి, ఒంట్లో అనవసరమైన బరువు ఉండకూడదు. అందుకేనేమో, మా దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లలు దారిలో ఎదురైనప్పుడు అడిగే ప్రశ్న మారింది. ఇదివరకు "సార్, ఏ గ్రూపు తీసుకోమంటారు?" అనేవారు. ఇప్పుడు "సార్, ఏం తినమంటారు?" అంటున్నారు.

వారికి రెండు వైపుల నుంచి సలహాలు అందుతున్నాయి. ఇంట్లో పెద్దలు "బాగా తిను, బలం అదే వస్తుంది" అంటారు. జిమ్ములో "డబ్బా కొను" అంటారు. మొదటిది పాటించినవాడికి ఆర్నెల్లలో కండతోపాటు పొట్ట కూడా వస్తుంది. రెండోది పాటించినవాడి ఇంట్లో నెల ఖర్చు తలకిందులవుతుంది. రెండూ చేసి ఫలితం కనిపించక, ఎవరో చెప్పిన సూది మందుల వైపు వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ చివరి సంగతే మమ్మల్ని ఈ వ్యాసం రాయడానికి పురికొల్పింది.

మేము ఉపాధ్యాయులం, వైద్యులం కాము. అయితే ఇందులో వైద్యం కన్నా లెక్కలు ఎక్కువ. అవీ ఏడో తరగతి స్థాయి లెక్కలే. ఆ లెక్కలు ఒకసారి చేసి చూస్తే తేలేది ఒక్కటే. కండ రోజూ అడిగేది కొంచెమే. ఆ కొంచెం మన వంటింట్లోనే ఉంది. అంతకు మించి ఎంత పెట్టినా కండ తొందరపడి పెరగదు, మిగిలినదంతా కొవ్వుగా మారుతుంది.

కండ ఎలా పెరుగుతుంది?

కండరం ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. అందులోని మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, రోజూ కొంత విరుగుతుంటాయి, రోజూ కొంత కొత్తగా చేరుతుంటాయి. విరిగేదీ చేరేదీ సమానంగా ఉన్నంతకాలం కండ ఉన్నట్టే ఉంటుంది. చేరేది ఎక్కువైతేనే పెరుగుతుంది.

ఆ చేరే పని వేగం పుంజుకోవాలంటే శరీరానికి ఒక ఆజ్ఞ అందాలి. ఆ ఆజ్ఞ ఇచ్చేది బరువు పని. దండీలు, బస్కీలు తీయడం, ఇనుము ఎత్తడం, వీపున బరువు పెట్టుకుని మెట్లెక్కడం ఇలాంటివన్నీ బరువు పనులే. ఒకసారి గట్టిగా పని పడితే ఆ కండరంలో కొత్త ప్రోటీన్ చేరే వేగం ఒకటి రెండు రోజులపాటు ఎక్కువగా ఉంటుంది. ఆ ఒకటి రెండు రోజుల్లో మనం తినే ప్రోటీన్ ఇటుకగా పనికివస్తుంది, మనం పోయే నిద్ర మేస్త్రీకి తీరిక ఇస్తుంది. అందుకే కాళ్ళు, ఛాతీ, వీపు, భుజాలు ఒక్కొక్కటి వారానికి కనీసం రెండుసార్లు పని చేయాలి. బరువుగానీ సంఖ్యగానీ వారాలు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెరగాలి. పని లేకుండా ప్రోటీన్ ఒక్కటే తింటే, మేస్త్రీ రాని ఇంటి ముందు ఇటుకలు దింపినట్టే.

ఇక అసలు లెక్క. ఒక కిలో కండలో ఏముంటుంది? సుమారు ముప్పావు కిలో నీరే. ప్రోటీన్ సుమారు 200 గ్రాములు. మిగిలింది కొద్దిపాటి కొవ్వు, పిండిపదార్థం, ఖనిజాలు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన యువకుడు శ్రద్ధగా పనిచేసి, వేళకు తిని, కంటినిండా నిద్రపోతే మొదటి నెలల్లో నెలకు అర కిలో నుంచి కిలో వరకు కండ కూడగట్టగలడు. ఆడపిల్లలకు ఇందులో సుమారు సగం. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ వేగం ఇంకా తగ్గుతుంది.

ఎక్కువలో ఎక్కువ, నెలకు కిలో అనే అనుకుందాం. 200 గ్రాములను 30 రోజులకు పంచితే రోజుకు ఏడు గ్రాములు కూడా రాదు. ఒక కోడిగుడ్డులో ఉండే ప్రోటీన్ సుమారు ఆరు గ్రాములు. అంటే కండ రోజూ కొత్తగా దాచుకునేది దాదాపు ఒక గుడ్డంత! తిన్నదంతా కండలోకి పోదు, రోజూ విరిగేదాన్ని కూడా పూడ్చాలి కనుక మనం తినవలసింది దీనికన్నా చాలా ఎక్కువే, ఆ లెక్క ముందు వస్తుంది. కానీ రోజుకు పది గుడ్లు, కిలో చికెన్, పైన డబ్బా పొడి అనేవాళ్ళ మాట ఎంత దూరం పోయిందో ఈ ఒక్క భాగహారమే చెబుతుంది.

కొవ్వు ఎలా చేరుతుంది?

గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీల శక్తి ఉంటుంది. గ్రాము ప్రోటీన్‌లోనూ 4. గ్రాము కొవ్వులో 9. మనం రోజంతా ఖర్చుపెట్టే శక్తి కన్నా తిన్నది ఎక్కువైతే మిగులును శరీరం దాచుకుంటుంది. ఒంట్లోని ఒక కిలో కొవ్వు సుమారు 7700 కేలరీలతో సమానం.

"ఒళ్ళు చేయాలి" అని రోజూ వెయ్యి కేలరీలు అదనంగా తినే కుర్రవాడిని తీసుకుందాం. ఇది పెద్ద తిండేమీ కాదు. రాత్రి పూట ఒక ప్లేటు బిర్యానీ, ఒక కూల్‌డ్రింకు చాలు. వారానికి 7000 కేలరీలు, అంటే దాదాపు 900 గ్రాముల కొవ్వుకు సరిపడే శక్తి. అదే వారంలో కండ పెరగగలిగింది మహా అయితే పావు కిలో. పొలానికి కావలసినంత నీరు పెట్టాక మడవ మూయకపోతే మిగిలిన నీరు ఎటు పోతుంది? పల్లానికి పోతుంది. మన ఒంట్లో ఆ పల్లం పొట్టే.

కాబట్టి అదనం అవసరమే కానీ చిన్నదిగా ఉండాలి. సన్నగా ఉన్నవాడికి రోజూ తినేదాని మీద 250 నుంచి 300 కేలరీలు చాలు. ఒక కప్పు అన్నం, ఒక అరటిపండు కలిస్తే అంతే. లేదా గుప్పెడు వేరుశనగపప్పు, ఒక గ్లాసు పాలు.

మొదటి లెక్క: ప్రోటీన్

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. ఇది మామూలు జీవితానికి. బరువు పని చేసి కండ పెంచుకునేవారిపై జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం కనిపిస్తోంది. అది దాటాక చాలామందికి అదనపు లాభం ఉండదు. 60 కిలోల కుర్రవాడికి 1.6 చొప్పున 96 గ్రాములు. ఇదే అతని హద్దు.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. ఈ కింది అంకెలు సుమారుగా గుర్తుంచుకుంటే చాలు. పప్పుధాన్యాలు, బియ్యం, పిండి, మాంసం బరువులు వండక ముందువి.

గుడ్డు ఒకటి: 6 గ్రాములు
పాలు ఒక గ్లాసు, 250 మి.లీ.: 8 గ్రాములు
పెరుగు 150 గ్రాములు: 4 నుంచి 5 గ్రాములు
పెసలు లేదా కందిపప్పు 100 గ్రాములు: 22 నుంచి 23 గ్రాములు
శనగలు 100 గ్రాములు: 19 నుంచి 20 గ్రాములు
వేరుశనగపప్పు 100 గ్రాములు: 24 గ్రాములు, దానితోపాటు కొవ్వు 40 గ్రాములు
మీల్‌మేకర్ 100 గ్రాములు: 50 గ్రాములు
ఎముక లేని కోడి మాంసం 100 గ్రాములు: 21 గ్రాములు
చేప ముక్కలు 100 గ్రాములు: 18 నుంచి 20 గ్రాములు
బియ్యం 100 గ్రాములు: 7 నుంచి 8 గ్రాములు
జొన్నపిండి, గోధుమపిండి 100 గ్రాములు: 10 గ్రాములు

బియ్యంలోని ప్రోటీన్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అది పప్పుల్లో దండిగా ఉంటుంది. పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, అది ధాన్యాల్లో ఉంటుంది. పప్పన్నం, పెసరట్టు ఉప్మా, కిచిడీ, దాల్చా అన్నం ఇవన్నీ ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చే జోడీలు. మన పెద్దలకు అమైనో ఆమ్లాల పేర్లు తెలియకపోయినా ఆ జోడీలు తెలుసు.

మన ఇళ్ళల్లో లోపం వేరేచోట ఉంది. ఉదయం ఇడ్లీ, పల్చని చట్నీ. మధ్యాహ్నం పళ్ళెం నిండా అన్నం, పైన నీళ్ళలాంటి పప్పు. సాయంత్రం టీ, బిస్కెట్లు. మాంసమో గుడ్డో ఉంటే అది రాత్రికే. రోజు మొత్తం ప్రోటీన్ ఒక్క పూటలోనే కుక్కినట్టవుతుంది. కండ పెరగడానికి ప్రోటీన్‌ను మూడు నాలుగు పూటలకు, పూటకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పంచడం మేలు.

ఆ 60 కిలోల కుర్రవాడికి ఒక రోజు భోజనం ఇలా ఉండవచ్చు. ఉదయం 60 గ్రాముల పెసలతో పెసరట్లు, రెండు గుడ్లు: 26 గ్రాములు. మధ్యాహ్నం 120 గ్రాముల బియ్యంతో అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, ఆకుకూర, కప్పు పెరుగు: 22 గ్రాములు. సాయంత్రం 50 గ్రాముల శనగల గుగ్గిళ్ళు, గ్లాసు పాలు: 18 గ్రాములు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, 100 గ్రాముల చికెన్ కూర, కూరగాయలు: 29 గ్రాములు. మొత్తం 95 గ్రాములు. మాంసం లేని రోజున 40 గ్రాముల మీల్‌మేకర్ కూర దాదాపు ఆ లోటు తీరుస్తుంది. ఇందులో బజారు నుంచి ప్రత్యేకంగా తెచ్చింది ఒక్కటీ లేదు.

రెండో లెక్క: శక్తి

పైన చెప్పిన భోజనంలో నూనెతో కలిపి ఉన్నవి సుమారు రెండు వేల కేలరీలు. పరుగు తీసి, బరువులు ఎత్తే 60 కిలోల కుర్రవాడికి ఇది చాలకపోవచ్చు. అప్పుడు అన్నం, రొట్టె, పండ్లు, వేరుశనగపప్పు పెంచుకోవాలి. ఎంత పెంచాలి? ఇద్దరు మనుషులకు ఒకే జవాబు ఉండదు. జవాబు చెప్పేది తూకమూ టేపూ.

మొదటి రెండు వారాలు తిండి మార్చకుండా మామూలుగా తినండి. రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, ఒకే మిషన్ మీద బరువు చూసి రాసుకోండి. ఒకరోజు బరువు నమ్మదగ్గది కాదు. ముందురోజు ఉప్పు ఎక్కువ తిన్నా, నీళ్ళు ఎక్కువ తాగినా కిలో అటూ ఇటూ అవుతుంది. ఏడు రోజుల బరువులు కూడి ఏడుతో భాగించండి. ఆ సగటే మీ బరువు. వారానికి ఒకసారి బొడ్డు దగ్గర నడుము కొలత కూడా టేపుతో తీసుకోండి. ఊపిరి బిగపట్టకూడదు.

రెండు వారాల సగటు ఒకేలా ఉంటే మీరు తినేదీ ఖర్చయ్యేదీ సరిపోయినట్టు. ఇక దాని మీద 250 నుంచి 300 కేలరీలు చేర్చండి. ఆపైన సగటు బరువు వారానికి పావు శాతం నుంచి అర శాతం వరకు పెరగాలి. 60 కిలోల వాడికి వారానికి 150 నుంచి 300 గ్రాములు. రెండు వారాలు చూసినా కదలకపోతే ఇంకో 100 నుంచి 150 కేలరీలు, అంటే ఇంకో అరకప్పు అన్నమో, ఒక పండో, ఒక పుల్కానో చేర్చండి. బరువు అర శాతాన్ని మించి పెరుగుతూ, నడుము కూడా పెరుగుతుంటే 150 నుంచి 200 కేలరీలు తగ్గించండి. తగ్గించేటప్పుడు పప్పు, గుడ్డు, మాంసం మీద చేయి వేయకండి. నూనె, చక్కెర, ఆ తరువాత అన్నం, ఈ వరుసలో తగ్గించాలి.

బరువు పెరుగుతోంది, ఎత్తే బరువులు కూడా పెరుగుతున్నాయి, నడుము దాదాపు అలాగే ఉంది అంటే దారి సరైనదే. బరువు పెరుగుతోంది కానీ బస్కీల సంఖ్య రెండు నెలలుగా కదలలేదు అంటే పెరుగుతున్నది కండ కాదు. ఈ మాట అద్దం చెప్పదు, నోటుబుక్ చెబుతుంది.

ఎక్కడ తగ్గించాలి?

ఒక లీటరు నూనెలో ఎనిమిది వేలకు పైగా కేలరీలు ఉంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకు ఒక లీటరు వాడకం తగ్గితే తలకు రోజుకు దాదాపు 70 కేలరీలు తగ్గినట్టు. గరిటెతో పోసే అలవాటు మాని చెంచాతో కొలిచి పోస్తే ఈ తగ్గుదల రుచికి తెలియదు. తరువాతిది టీ. రోజుకు నాలుగు టీలు, ఒక్కో టీలో రెండు చెంచాల చక్కెర అంటే 40 గ్రాములు, 160 కేలరీలు. నెలకు 4800. కండకు ఒక్క గ్రాము ఇటుక ఇవ్వకుండా అర కిలోకు పైగా కొవ్వుకు సరిపడే శక్తి ఇది.

మాంసం విషయంలో ముక్క కన్నా దాని చుట్టూ ఉన్నదాన్ని చూడాలి. కోడి చర్మం తీసేయడం, మటన్‌కు అంటిన తెల్లని కొవ్వు కోసేయడం, షేర్వా మీద తేలిన నూనె గరిటెతో తీసేయడం చిన్న పనులే. బిర్యానీ మానమని మేము చెప్పం. వారానికి ఒక పూట, పళ్ళెంలో అన్నం తగ్గించి ముక్కలు, పెరుగుచట్నీ పెంచుకుని తింటే అదీ ఈ లెక్కలో ఇమిడిపోతుంది. అలాగని కొవ్వును పూర్తిగా మానేయడం కూడా తప్పే. చేపలు, వేరుశనగపప్పు, నువ్వులు, గుడ్డులోని పచ్చసొన ఒంటికి కావలసిన కొవ్వులే ఇస్తాయి.

పొట్ట ఉన్నవారికి, ఆడపిల్లలకు, పెద్దలకు

ఇప్పటికే నడుము లావుగా ఉన్నవారికి అదనం అవసరమే లేదు. దాచుకున్న శక్తి ఒంట్లోనే ఉంది. వారు రోజూ తినేదాంట్లో 300 కేలరీలు తగ్గించి, ప్రోటీన్ మాత్రం తగ్గనివ్వకుండా బరువు పని మొదలుపెడితే తొలి నెలల్లో కొవ్వు తగ్గడం, కండ పెరగడం రెండూ జరుగుతాయి. తూకం పెద్దగా మారకపోవచ్చు. నడుము టేపు మాత్రం మారుతుంది. వీరు ప్రోటీన్ లెక్కను ఇప్పుడున్న బరువుకు కాక, తమ ఎత్తుకు తగిన బరువుకు వేసుకోవాలి.

ఆడపిల్లల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో కూర వడ్డించేటప్పుడు ముక్కలు మగవాళ్ళ పళ్ళేల్లోకి, షేర్వా ఆడవాళ్ళ పళ్ళేల్లోకి పోతుంది. అందరూ తిన్నాక తినే అమ్మకు గిన్నె అడుగున మిగిలిందే దిక్కు. షేర్వాలో నూనె ఉంటుంది, ప్రోటీన్ ముక్కలో ఉంటుంది. అంటే ఇంట్లో సగం మందికి కొవ్వు, సగం మందికి కండ వడ్డిస్తున్నాం. తరువాత ఆ ఆడవాళ్ళకే మోకాళ్ళ నొప్పులని, ఒళ్ళు వచ్చిందని బాధపడతాం. బలంగా ఉంటే ఆడపిల్ల మొరటుగా కనిపిస్తుందనే భయం కూడా అనవసరం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. బాక్సింగ్‌లో బరువు విభాగం దాటితే ఆటే ఉండదు. తక్కువ బరువులో ఎక్కువ బలం ఎలా ఉంటుందో ఆమెను చూస్తే తెలుస్తుంది.

యాభై దాటిన మా వయసువారికి కండ పెంచుకోవడం సోకు కాదు. నడివయసు నుంచి కండ నెమ్మదిగా కరుగుతుంది, అరవై దాటాక ఆ కరగడం వేగమవుతుంది. సజ్దా నుంచి లేచేటప్పుడు నేల మీద చేయి బలంగా ఆనించవలసి వస్తోందంటే తొడల్లో బలం తగ్గిందని గుర్తు. పెద్దవయసులో కిలో బరువుకు కనీసం 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అవసరమని నిపుణులు చెబుతున్నారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. కండ పెరిగితే రక్తంలోని చక్కెరను వాడుకునే చోటు కూడా పెరుగుతుంది కనుక షుగర్ ఉన్నవారికి ఇది రెండింతల మేలు. అయితే షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పకుండా ప్రోటీన్ పెంచకూడదు.

రంజాన్ నెలలో

"ఉపవాసాల నెలలో చేసిన కండంతా పోతుందా?" అని పిల్లలు అడుగుతుంటారు. పోనవసరం లేదు. ఆ నెలలో పెంచుకోవాలనే ఆలోచన పక్కనపెట్టి, ఉన్నది నిలుపుకుంటే చాలు. ప్రోటీన్‌ను ఇఫ్తార్, తరావీహ్ తరువాతి భోజనం, సహరీ అనే మూడు వేళలకు పంచుకోవాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్ళు, పండ్ల తరువాత సమోసాలు, మిర్చి బజ్జీల పళ్ళెం బదులు ఉడికించిన శనగలు, గుడ్లు పెట్టుకుంటే ఆ పూట లెక్క సరిపోతుంది. సహరీలో పెరుగు, గుడ్లు, రొట్టె, పప్పు ఉండాలి. టీ, బన్నుతో సరిపెట్టుకోకూడదు. హలీమ్‌లో గోధుమలు, పప్పులు, మాంసం మూడూ ఉన్నాయి, మంచి ప్రోటీనే. కానీ పైన నెయ్యి కూడా ధారాళంగా ఉంటుంది. ఒక గిన్నె హలీమ్‌ను భోజనంగా లెక్కించాలి, భోజనానికి ముందు చిరుతిండిగా కాదు. వ్యాయామం సగానికి తగ్గించి ఇఫ్తార్‌కు కొంచెం ముందుగానీ, తరావీహ్ తరువాతగానీ చేసుకోవచ్చు. బరువుల్ని మాత్రం పూర్తిగా వదిలేయకూడదు. వారానికి రెండుసార్లయినా కండకు ఆజ్ఞ అందాలి.

డబ్బా, సూది

ప్రోటీన్ పొడి విషం కాదు, మంత్రం కూడా కాదు. ఎక్కువగా అమ్ముడయ్యే వే పొడి పాలవిరుగుడు తేట నుంచి తీసిందే. ఒక స్కూపులో 24 గ్రాముల ప్రోటీన్ ఉంటే అది నాలుగు గుడ్లతో సమానం, అంతే. వెల పోల్చడానికి ఒక లెక్క నేర్చుకోండి. డబ్బా వెలను, స్కూపుల సంఖ్యతోనూ ఒక్కో స్కూపులోని ప్రోటీన్‌తోనూ భాగించాలి. డబ్బా 3000 రూపాయలు, స్కూపులు 30, ఒక్కోదాంట్లో 24 గ్రాములు అనుకుంటే గ్రాముకు నాలుగు రూపాయల పైమాటే. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే గ్రాముకు రూపాయి చిల్లర. పెసలు కిలో 120 అనుకుంటే గ్రాముకు అర్ధరూపాయి. మీ ఊరి ధరలు వేసి మీరే చేసి చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండ పెంచడం కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనీ, రకరకాల ఆహారం కలిపి తినమనీ చెప్పాయి. "మాస్ గెయినర్" అని అమ్మే డబ్బాల్లో ఎక్కువ భాగం పిండిపదార్థమే. సన్నగా ఉన్నవాడు అన్నం, అరటిపండు తింటే వచ్చే శక్తినే అక్కడ పదింతలు పోసి కొంటున్నాడు.

సూది సంగతి వేరు. అనబాలిక్ స్టెరాయిడ్లు పొడుల్లాంటివి కావు, అవి హార్మోన్లు. మగవాళ్ళలో సొంత హార్మోను తయారీని అణచివేస్తాయి, వృషణాలు కుంచించుకుపోతాయి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతింటుంది. రొమ్ములు పెరగడం, మొటిమలు, చిరాకు, రక్తపోటు, కాలేయానికీ గుండెకూ హాని, ఇవన్నీ వాటి ఖాతాలోవే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఉద్యోగం కోసం మొదలుపెట్టిన ప్రయత్నం ఆసుపత్రిలో ముగుస్తుంది. మూడు నెలల్లో ఒళ్ళు మారుస్తామనేవాడిని ఒక్కటే అడగండి. నెలకు కిలో కండకు మించి నిజాయితీగా ఎలా వస్తుంది?

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు జిమ్ముకు పోతున్నాడని కోప్పడకండి. ఆ వయసులో పాడు అలవాట్ల కన్నా ఇనుము మేలు. అతను ఏం తింటున్నాడో, జేబుఖర్చు ఎక్కడికి పోతోందో మాత్రం కూర్చోబెట్టి అడగండి. పప్పు కొంచెం గట్టిగా వండండి. రెండు గుడ్లు ఉడకబెట్టేటప్పుడు చెల్లెలికీ రెండు ఉడకబెట్టండి.

కుర్రవాళ్ళకు ఈ వారం చేయవలసిన పని ఇంతే. ఒక వంద పేజీల నోటుబుక్, దర్జీ వాడే టేపు ఒకటి తీసుకోండి. మొదటి పేజీలో మూడు అంకెలు రాయండి. ఏడు రోజుల సగటు బరువు, నడుము కొలత, ఆ బరువును 1.6తో హెచ్చిస్తే వచ్చే ప్రోటీన్ గ్రాములు. రెండో పేజీ నుంచి రోజూ ఎత్తిన బరువులు, తిన్న పూటలు రాస్తూ వెళ్ళండి. పన్నెండు వారాలు నిండాక మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికీ ఏ డబ్బా కొనాలో అడగాలనిపిస్తే ఆ నోటుబుక్ పట్టుకుని మా దగ్గరికి రండి, కూర్చుని లెక్క చూద్దాం.